కాకినాడను చూడని రాతలు

ఒక వ్యాసాన్ని వందగా మార్చే సాఫ్ట్‌వేర్లు ఆన్‌లైన్ వ్యాపారానికి ఏం చేశాయి? మన ఊళ్ల గురించి మన భాషలో దొరికే సమాచారాన్ని ఏం చేస్తున్నాయి?

కోరంగి తుఫాను గురించి ఇంటర్‌నెట్‌లో వెతికితే పేజీల మీద పేజీలు వస్తాయి. తేదీ 1839 నవంబరు 25. నలభై అడుగుల ఉప్పెన. మూడు లక్షల మంది మృతి. ఇరవై వేల పడవలు, ఓడలు ధ్వంసం. ఒక పేజీలో జనం ప్రాణాలు కోల్పోతారు, ఇంకో పేజీలో జలసమాధి అవుతారు, మరో పేజీలో మృత్యువాత పడతారు. ఒకచోట ఓడలు ఇరవై వేలు, మరోచోట పాతిక వేలు. ప్రపంచంలో అతి ఘోరమైన తుఫానులంటూ తయారయ్యే జాబితాల్లో కాకినాడ పక్కనున్న ఈ పాత రేవు పేరు తరచూ కనిపిస్తుంది. ఆ మూడు లక్షలు ఎవరు లెక్కపెట్టారో, ఏ రికార్డులో ఉందో చెప్పే పేజీ మాత్రం అరుదు.

ఆ అంకెను అదే కాలపు మరో లెక్క పక్కన పెట్టి చూడాలి. ఈస్టిండియా కంపెనీ పాలనలో తీసిన జనాభా లెక్కల ప్రకారం అప్పటి రాజమండ్రి జిల్లాలో 1821లో సుమారు 7 లక్షల 38 వేల మంది ఉన్నారు. 1841 నాటికి ఆ సంఖ్య సుమారు 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఇరవై ఏళ్లలో తగ్గింది మొత్తం లక్షా 77 వేలు. 1832-33 నాటి నందన కరువులో పోయిన ప్రాణాలు, పొట్ట చేతపట్టుకుని జిల్లా దాటిపోయిన కుటుంబాలు, అన్నీ అందులోనే ఉన్నాయి. ధవళేశ్వరం ఆనకట్టకు ముందు ఈ డెల్టా ఎంత చితికిపోయిందో చెప్పడానికి చరిత్రకారులు ఎత్తి చూపే అంకెలివి. జిల్లా మొత్తం మీద ఇరవై ఏళ్లలో రెండు లక్షలు కూడా తగ్గనప్పుడు, ఒక్క రేవులో ఒక్క రోజున మూడు లక్షల మంది పోయారన్న మాట ఎలా నిలబడుతుంది? తుఫాను నిజం. విధ్వంసం నిజం. అంకెను మాత్రం గట్టిగా అనుమానించాల్సిందే.

ఇంకో సంగతి. కోరంగిని 1789లో మరో ఉప్పెన ముంచెత్తింది. అందులో ఇరవై వేల మంది పోయారని చెబుతారు. ఆ తుఫాను గురించి రాసినవాడు హెన్రీ పిడింగ్టన్. 'సైక్లోన్' అనే పేరును 1848లో ప్రపంచానికి ఇచ్చింది ఆయనే. ఇరవై వేలు అన్న అంకె ఒకచోట మనుషులకు, మరోచోట ఓడలకు కనిపిస్తుంది. రెండు తుఫానుల మధ్య దూరం యాభై ఏళ్లు. తిరగరాసుకుంటూ పోయేవాళ్లకు ఆ యాభై ఏళ్లు అడ్డు రావు.

ఆధారం లేని ఒక వాక్యం వంద చోట్ల వంద రకాలుగా కనిపిస్తే, చదివేవాడికి వందమంది సాక్షులు ఉన్నట్టే అనిపిస్తుంది. నిజానికి సాక్షి ఒక్కడే, ఆ ఒక్కడూ ఎవరో తెలియదు. ఇలా సాక్షుల్ని పుట్టించే పని ఇవాళ ఒక పరిశ్రమ. దానికి ఆన్‌లైన్ మార్కెటింగ్‌లో పెట్టిన పేరు ఆర్టికల్ స్పిన్నింగ్, కాస్త మర్యాదగా రీరైటింగ్.

మీసాల బ్రాకెట్లలో పదాలు

దీని పుట్టుక సెర్చ్ ఇంజిన్లతో ముడిపడింది. వెబ్‌సైటు పైకి రావాలంటే ఎక్కువ పేజీలు కావాలి, ఆ పేజీలకు బయటి సైట్ల నుంచి లింకులు రావాలి. బ్యాక్‌లింక్ అనేది దీన్నే. ఒకే వ్యాసాన్ని రెండు వందల చోట్ల పెడితే సెర్చ్ ఇంజిన్ పట్టేస్తుంది. పట్టుకునే పద్ధతిని 1997లోనే ఆండ్రీ బ్రోడర్ అనే శాస్త్రవేత్త వివరించాడు. పాఠాన్ని వరుస పదాల చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, రెండు పేజీల్లో ఎన్ని ముక్కలు కలిశాయో లెక్కపెట్టడం ఆ పద్ధతి. అయితే ప్రతి నాలుగైదు పదాలకు ఒక పదం మార్చేస్తే ముక్కలు కలవవు. స్పిన్నింగ్ సాఫ్ట్‌వేర్ సరిగ్గా ఆ సందులోంచి వచ్చింది.

వాడేవాళ్లు ముందు ఒక మూల వ్యాసం తీసుకుంటారు. మార్చదగిన ప్రతి పదం దగ్గరా మీసాల బ్రాకెట్ తెరిచి, మధ్యలో నిలువు గీతలు పెట్టి, దానికి బదులు వాడగల పదాలన్నీ రాస్తారు. అందమైన, సొగసైన, చూడముచ్చటైన. ఈ ఏర్పాటు పేరు స్పిన్‌టాక్స్. వ్యాసంలో ఇలాంటి చోట్లు పది ఉండి, ఒక్కో చోట మూడేసి పదాలుంటే చాలు, 59,049 వ్యాసాలు తయారవుతాయి. అంటే యాభై తొమ్మిది వేల పైచిలుకు వ్యాసాలకు వెనకాల ఒక్క వ్యాసానికి సరిపడా తెలివిడే ఉంది. చాలాసార్లు ఆ ఒక్కటీ ఎవరిదో ఎత్తి తెచ్చుకున్నదే.

ఇంగ్లిష్ వెబ్‌లో ఈ వ్యాపారం 2000 తర్వాతి పదేళ్లలో విచ్చలవిడిగా సాగింది. సెర్చ్‌లో జనం ఏం అడుగుతున్నారో చూసి, దానికి తగ్గట్టు చవకగా వ్యాసాలు రాయించే కంటెంట్ ఫారాలూ అప్పుడే బలిశాయి. వాటిలో పెద్దదైన డిమాండ్ మీడియా 2011 జనవరిలో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీకి ఎక్కినప్పుడు దాని మార్కెట్ విలువ న్యూయార్క్ టైమ్స్ కంపెనీని మించింది. వార్త సేకరించే సంస్థ కంటే వార్తను పలచన చేసే సంస్థకు ఎక్కువ ధర పలికిన రోజది. మరుసటి నెలలోనే గూగుల్ 'పాండా' మార్పు తెచ్చింది. అమెరికాలో వెతుకులాటల్లో దాదాపు 12 శాతం ఫలితాల మీద దాని ప్రభావం పడింది. 2012 ఏప్రిల్‌లో 'పెంగ్విన్' వచ్చి దొంగ లింకుల మీద పడింది. 2015లో ద్వారం పేజీల వంతు. ఊరి పేరు తప్ప అంతా ఒకటే ఉన్న పేజీలను అలా పిలుస్తారు. వాటిని మనం రోజూ చూస్తూనే ఉన్నాం. కాకినాడలో బెస్ట్ డెంటల్ క్లినిక్, సామర్లకోటలో బెస్ట్ డెంటల్ క్లినిక్, పిఠాపురంలో, తునిలో, అమలాపురంలో. అయిదు పేజీలూ తెరిస్తే అవే పేరాలు, అదే నవ్వుతున్న విదేశీ డాక్టరు ఫొటో.

ఇంటి పన్ను దగ్గర చతికిలపడ్డ యంత్రం

తెలుగులో ఈ పని ఇంగ్లిష్‌లో సాగినంత తేలిగ్గా సాగలేదు. దానికి కారణం మన వ్యాకరణం. ఇంగ్లిష్‌లో ఒక పదం తీసి ఇంకోటి పెడితే వాక్యం ఎలాగోలా నిలబడుతుంది. తెలుగులో ఇల్లు అనే మాట విభక్తి చేరగానే ఇంటి అవుతుంది, ఊరు ఊరి అవుతుంది, నీరు నీటి అయి కూర్చుంటుంది. వచ్చాడు, వచ్చారు, వచ్చింది అనే మూడింటిలో ఏది పడుతుందో మనిషినీ మర్యాదనూ బట్టి తేలుతుంది. 'ఇంటి పన్ను' అన్న రెండు మాటలకు పర్యాయపదాలు ఏరుకొచ్చే యంత్రం 'గృహ దంతం' దగ్గర ఆగగలదు. మున్సిపాలిటీ నోటీసుకు అది చేసే సేవ ఏమిటో చెప్పక్కర్లేదు.

అందుకే తెలుగులో దారి వేరే అయింది. ఇంగ్లిష్ వ్యాసాన్ని యంత్రంతో తెలుగు చేయించడం, లేదా తెలుగు వ్యాసాన్ని ఇంగ్లిష్‌లోకి పంపి మళ్లీ వెనక్కి తెప్పించడం. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లోకి తెలుగు 2011 జూన్‌లో వచ్చింది. 2017లో నాడీజాల (న్యూరల్ నెట్‌వర్క్) పద్ధతి తోడై వాక్యాలు బాగుపడ్డాయి. 2018లో గూగుల్ ప్రకటనల సేవ యాడ్‌సెన్స్ తెలుగును అంగీకరించింది. అంటే తెలుగు పేజీ మీద ప్రకటన పెట్టి డబ్బు సంపాదించే వీలు కలిగింది. నిజంగా రాసేవాళ్లకు అది మేలే. తిరగరాసేవాళ్లకు మాత్రం పండగే అయింది.

ఈ ప్రమాదపు తొలి రుచి మనకు అంతకుముందే తెలుసు. 2009 - 2011 మధ్య గూగుల్ తన ట్రాన్స్‌లేటర్ టూల్‌కిట్‌తో ఇంగ్లిష్ వికీపీడియా వ్యాసాలను భారతీయ భాషల్లోకి అనువదింపజేసింది. తెలుగు వికీపీడియాలోకి దాదాపు రెండు వేల వ్యాసాలు వచ్చి చేరాయి. డబ్బు తీసుకుని మనుషులే అనువదించారు, అయినా వేగం ముఖ్యమైంది, విషయాల ఎంపిక సెర్చ్‌లో గిరాకీని బట్టి జరిగింది. పొడవాటి వ్యాసాలు, తెలుగు లిపిలో ఇంగ్లిష్ వాక్యాలు. 2003 డిసెంబరులో మొదలై స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ల ఓపిక మీద పెరిగిన విజ్ఞానకోశం అది. ఆ వ్యాసాలను ఉంచాలా, దిద్దాలా, తీసేయాలా అన్న చర్చ, దాని వెంట వచ్చిన చాకిరీ ఏళ్ల తరబడి ఆ కొద్దిమంది నెత్తిన పడ్డాయి. రాసి పారేయడానికి పట్టిన కాలం కంటే సరిదిద్దడానికి పట్టే కాలం ఎక్కువ. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే బాధగా తోచేది ఇదే.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక లెక్క మారింది. ఇప్పుడు యంత్రం తిరగరాసిన తెలుగు గృహ దంతంలా ఉండదు. విభక్తులు కుదురుతాయి, వాక్యం సాఫీగా నడుస్తుంది. చాలామంది దీన్ని మెరుగుదల అంటారు. పాఠకుడి వైపు నుంచి చూస్తే ప్రమాదం పెరిగింది. పాత స్పిన్నర్ రాతలో వికారమైన భాషే హెచ్చరికగా ఉండేది. చదవగానే ఇది మనిషి రాసింది కాదని తెలిసిపోయి పక్కన పెట్టేవాళ్లం. ఇప్పుడు ఆ హెచ్చరిక పోయింది. భాష బాగుంది కాబట్టి విషయమూ బాగుంటుందని నమ్ముతున్నాం.

పాత జిల్లా, కొత్త తేదీ

దీనివల్ల నష్టం ఎలా ఉంటుందో చూడటానికి కాకినాడ దాటక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అప్పటిదాకా తూర్పు గోదావరి జిల్లా ముఖ్య పట్టణం కాకినాడ. ఆ రోజు నుంచి కాకినాడ తన పేరుతో వేరే జిల్లా. తూర్పు గోదావరికి రాజమహేంద్రవరం, కోనసీమకు అమలాపురం ముఖ్య పట్టణాలు. 2015లో ఎవరో రాసిన పేజీని ఇవాళ యంత్రానికిచ్చి తిరగరాయిస్తే, మాటలు మారతాయి, పైన ఇవాళ్టి తేదీ పడుతుంది, లోపల తూర్పు గోదావరి కేంద్రం కాకినాడగానే ఉంటుంది. పింఛను కాగితం పట్టుకుని ఏ కలెక్టరాఫీసుకు పోవాలో ఫోనులో చూసుకునే మనిషికి ఆ కొత్త తేదీయే మోసం. తిరగరాత పాతదాన్ని పాతదిగా ఉండనివ్వదు.

కాజా విషయం తీసుకుందాం. కాకినాడది గొట్టం కాజా, లోపల పాకం నిండి ఉంటుంది. తాపేశ్వరానిది మడత కాజా, పొరలు పొరలుగా విడుతుంది. ఇక్కడి పిల్లవాడికి కూడా ఈ తేడా చెప్పక్కర్లేదు. దూరంగా ఎక్కడో కూర్చుని నాలుగు పేజీలు కలిపి అయిదోది చేసేవాడికి రెండూ 'గోదావరి సంప్రదాయ మిఠాయి'. కాకినాడ పేరు కింద తాపేశ్వరం పొరలు వర్ణిస్తాడు. తరాలుగా ఆ ఒక్క రకం మీదే బతికిన దుకాణానికి అది చిన్న తప్పేమీ కాదు.

ఉప్పాడది ఇంకా పెద్ద నష్టం. ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బుటాను నేతలోనే విడి దారాలతో చేత్తో పొదగడం దాని ప్రాణం. చీరకు రెండు వైపులా పని ఒకేలా కనిపించడం దాని గుర్తు. డిజైన్‌ని బట్టి ఒక్క చీరకు వారాలు పడుతుంది. ఆన్‌లైన్‌లో ఉప్పాడ పేరుతో అమ్మే పేజీలు చదివి చూడండి. తేలికైనది, సొగసైనది, పెళ్లిళ్లకు అనువైనది, రాచరికపు వైభవం. ఈ నాలుగు మాటలు కంచికీ పోచంపల్లికీ ధర్మవరానికీ కూడా సరిపోతాయి. మగ్గం నేతకూ పవర్‌లూమ్ నేతకూ తేడా చెప్పే ఒక్క వాక్యం ఉండదు. ఆ తేడా చెప్పకపోతే ఉప్పాడ నేతగాడు ఏ ధర అడిగినా ఎక్కువగానే కనిపిస్తుంది. భౌగోళిక గుర్తింపు కాగితం కాపాడాలనుకున్నదాన్ని మార్కెటింగ్ పేజీ చెరిపేస్తోంది.

నేనిక్కడ వ్యాపారుల్ని తప్పుపట్టడం లేదు. భానుగుడి దగ్గరో మెయిన్ రోడ్డులోనో దుకాణం నడుపుకునే మనిషికి వెబ్‌సైటు ఒక అవసరం. ఏజెన్సీ వచ్చి నెలకు ముప్ఫై ఆర్టికల్స్, ఇన్ని బ్యాక్‌లింకులు అని ప్యాకేజీ చెబుతుంది. ఆయన ఆర్టికల్స్ లెక్కపెట్టుకుంటాడు, చదవడు. చదివేవాళ్లు లేరని ఏజెన్సీకి తెలుసు. రాసే కుర్రాడికి పదానికి పైసల లెక్కన ఇస్తారు. ఆ డబ్బులకు ఉప్పాడ వెళ్లి మగ్గం చూసి రాయమంటే బస్సు చార్జీలు కూడా రావు. ఇంజనీరింగ్ చదివి, మంచి తెలుగు వచ్చి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఈ పనిలో చేరినవాళ్లను యంత్రం పక్కన కూర్చోబెట్టి అది కక్కినదాన్ని సర్దమంటున్నాం. వాళ్లకు రాయడం రాక కాదు, రాయడానికి కావలసినంత సమయం ఎవరూ కొనడం లేదు.

వైద్యం దగ్గర మాత్రం ఈ సానుభూతికి చోటు లేదు. మనం మధుమేహాన్ని షుగర్ అంటాం. తిరగరాతలో అది చక్కెర అయిందంటే సలహా అర్థమే మారిపోతుంది. ఇంగ్లిష్‌లో ఇలాంటివి పరిశోధన పత్రాల్లోనే దొరికాయి. 2021లో గియోమ్ కబనాక్, సిరిల్ లాబే, అలెగ్జాండర్ మగజినోవ్ అనే ముగ్గురు శాస్త్ర పత్రికలు జల్లెడ పడితే, బ్రెస్ట్ క్యాన్సర్ బదులు 'బూజమ్ పెరిల్', ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ బదులు 'కౌంటర్‌ఫీట్ కాన్షియస్‌నెస్' అని ఉన్న పత్రాలు బయటపడ్డాయి. కాపీ దొరక్కుండా తిరగరాత యంత్రానికి ఇచ్చిన ఫలితం. మన దగ్గర యూజీసీ 2018 నిబంధనలు సిద్ధాంత వ్యాసంలో పదిశాతం దాకా పోలికను క్షమిస్తాయి, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. పోలిక శాతాన్ని దించడానికి ఇవే సాఫ్ట్‌వేర్లు వాడితే శాతం దిగుతుంది, చదువు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ప్రయోగం చూపించిన నిఘంటువు

పదానికి బదులు పదం వెతికే పని కాకినాడకు కొత్త కాదు. 1911లో మద్రాసులో పుట్టి తర్వాత కాకినాడకు తరలివచ్చిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, పిఠాపురం మహారాజా సూర్యారావు అండతో, జయంతి రామయ్య పంతులు పూనికతో ఒక మహా నిఘంటువు తలపెట్టింది. శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వెలువడింది. మొత్తం ఎనిమిది సంపుటాలు. వాడుక భాషకు చోటివ్వలేదన్న విమర్శ దాని మీద ఉంది, అది న్యాయమైన విమర్శే. కానీ అక్కడి పండితులు ఒక క్రమశిక్షణ పాటించారు. మాటకు అర్థం ఇచ్చి ఊరుకోలేదు, ఆ అర్థంలో ఎవరు ఎక్కడ వాడారో ప్రయోగం చూపించారు. చూపించలేనిదాన్ని అనుమానించారు. అందుకు దశాబ్దాలు పట్టింది, తాళపత్రాలు పోగేయాల్సి వచ్చింది.

కాకినాడ పేరు మీద ఇవాళ పుట్టుకొచ్చే పేజీలకు ప్రయోగం లేదు. ఎక్కడ చూశావు, ఎవరు చెప్పారు అని అడిగితే జవాబు ఉండదు. 2011 లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు దేశంలో 8 కోట్ల 11 లక్షలు. అంతమందికి ఇంటర్‌నెట్‌లో ఉన్న తెలుగు పాఠం మాత్రం చాలా తక్కువ. ఇంగ్లిష్ సముద్రంలో వెయ్యి చెత్త పేజీలు మునిగిపోతాయి, తెలుగు చెరువులో అవే పైకి తేలి నిలుస్తాయి. 2024 జనవరిలో వెలువడిన ఒక పరిశోధన వెబ్‌లో దిగ్భ్రమ కలిగించేంత భాగం యంత్రానువాదమేనని, తక్కువ పాఠం ఉన్న భాషల్లో ఆ వాటా మరీ ఎక్కువని చూపించింది. అదే ఏడాది జులైలో నేచర్ పత్రికలో వచ్చిన మరో పరిశోధన, యంత్రాలు పుట్టించిన పాఠాన్నే మళ్లీ మళ్లీ నేర్చుకుంటూ పోతే తర్వాతి యంత్రాలు అరుదైన విషయాలను ముందుగా మరిచిపోతాయని తేల్చింది. ఉప్పాడ, తాపేశ్వరం, కోరంగి అంటే ప్రపంచం లెక్కలో అరుదైన విషయాలే. అందరికంటే ముందు మాయమయ్యేవి మనవే.

సెర్చ్ కంపెనీలు ఊరుకోలేదు. 2024 మార్చిలో గూగుల్ కొత్త నిబంధన పెట్టింది. యంత్రం రాసినా మనిషి రాసినా, ర్యాంకు కోసమే గుట్టలుగా పోసిన పేజీ అయితే అది స్పామ్ కిందికే వస్తుంది. ఆ మార్పుల వల్ల సెర్చ్ ఫలితాల్లో నాసిరకం పాఠం 45 శాతం తగ్గిందని ప్రకటించుకుంది కూడా. అంటే నెలకు ముప్ఫై ఆర్టికల్స్ కొన్న దుకాణదారుడు తన సొమ్ముతో తన సైటును కిందికి తోయించుకునే అవకాశం ఉంది.

చట్టం కూడా పూర్తిగా చేతులు ముడుచుకుని లేదు. భావం మీద ఎవరికీ హక్కు లేదు, దాన్ని చెప్పిన తీరు మీద ఉంది అని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో, మూలాన్ని అక్కడక్కడా మార్చి నడిపించినంత మాత్రాన నకలు నకలు కాకుండా పోదనీ తేల్చింది. కాపీరైటు చట్టం కింద శిక్ష మూడేళ్ల జైలు దాకా ఉంది. మధుమేహం నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. ఆ ప్రకటన వ్యాసం వేషంలో వచ్చినంత మాత్రాన దానికి మినహాయింపు రాదు. దొంగ రివ్యూలను అరికట్టడానికి 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం కూడా వచ్చింది. అయితే పదాలు మార్చిన వ్యాసం ఎవరి వ్యాసమో రుజువు చేయడం ఒక చిన్న పత్రికకో, ఒంటరిగా రాసుకునే మనిషికో అయ్యే పని కాదు. కోర్టు దాకా వెళ్లేది చాలా తక్కువ.

యంత్రం వద్దని నేననను. అచ్చుతప్పులు దిద్దడానికి, పొడుగు వాక్యం కుదించడానికి, ఇంగ్లిష్ రాని నేతగాడు అమెరికాలో ఉన్న కొనుగోలుదారుకు నాలుగు ముక్కలు రాసుకోవడానికి అది నిజంగా పనికొస్తుంది. విషయం తనది, యంత్రం సాయం మాత్రమే అయినప్పుడు ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. విషయమే ఎవరిదో అయి, రాసినవాడికి తెలియనిదై, చదివేవాడిని కాక సెర్చ్ ఇంజిన్‌ను ఉద్దేశించినదై ఉన్నప్పుడు దాన్ని వ్యాసం అనకూడదు.

కాకినాడ వ్యాపారులకు ఒక విన్నపం. ఈ నెల మీ ఏజెన్సీ ఇచ్చిన వ్యాసాల్లో మూడు తీసి మీ దుకాణంలో పాతికేళ్లుగా పనిచేస్తున్న మనిషితో చదివించండి. ఆయన కాదన్న ప్రతి వాక్యం కొట్టేయండి. ముప్ఫై వ్యాసాల డబ్బుతో ఒక్కటి రాయించండి, రాసే కుర్రాడిని మీ వంటశాలలోకి, మీ మగ్గం దగ్గరికి పిలిచి రెండు పూటలు కూర్చోబెట్టండి. కింద అతని పేరు వేయండి. చదివే మనందరం చేయగలిగింది కూడా ఒకటుంది. ఊరి గురించి ఒక అంకె, ఒక తేదీ, ఒక మందు పేరు ఫోనులో కనిపించినప్పుడు, పక్కవాళ్లకు పంపే ముందు, ఇది ఎవరు చెప్పారు అని అడగండి. జవాబు లేకపోతే పంపకండి.